ముల్లు పావు చూపిస్తుండగానే బండి ఆగిపోయింది, డీజిల్ ఎక్కడికి పోయింది?

ప్రశ్న: అన్నా, నేను ఆరేళ్లుగా పెద్ద లారీ నడుపుతున్నాను. బండికి అటొకటి ఇటొకటి రెండు డీజిల్ ట్యాంకులు, ఒక్కోటి 300 లీటర్లు. పోయిన నెల నిండు లోడుతో ఎత్తు ఎక్కుతుంటే, డీజిల్ మీటరు ముల్లు పావు మీదే ఉండగా ఇంజిన్ ఆగిపోయింది. ఎడమ ట్యాంకు మూత తీసి చూస్తే అడుగున తడి తప్ప ఏమీ లేదు. 40 లీటర్లు తెప్పించి పోసి, పైపుల్లో చేరిన గాలి తీసి, కదిలేసరికి మూడు గంటలు పట్టింది. అంతకంటే పెద్ద బాధ ఇంకోటి ఉంది. రాత్రి బండి ఆపినప్పుడు సగం చూపించిన ముల్లు పొద్దున్నే చూస్తే బాగా కిందికి ఉంటోంది. ఓనర్ గారు మొహం మీద అనలేదు కానీ, రాత్రిళ్లు డీజిల్ తీసి అమ్ముకుంటున్నానని ఆయన అనుమానం. మెకానిక్ ట్యాంకులో డీజిల్ మీద తేలుతూ మట్టం చెప్పే ఫ్లోట్ మార్చాడు. అప్పటి నుంచి ఫుల్ కొట్టించినా ముల్లు ముప్పావు దాటడం లేదు. డీజిల్ అయిపోతోందని చెప్పే ఎర్ర లైటునైనా నమ్ముకోవచ్చా? ఈ టెన్షన్ ఎలా తీరుతుంది?

జవాబు:

తమ్ముడూ, డీజిల్ గురించి నువ్వు రాసినదంతా ఒక ఎత్తు, ఓనర్ గారి అనుమానం గురించి రాసిన ఆ రెండు ముక్కలు ఒక ఎత్తు. చేయని తప్పుకు దొంగ చూపు భరించడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. షెడ్డులో పానా పట్టకముందు నేనూ చాలా ఏళ్లు స్టీరింగ్ పట్టినవాణ్ణే. అందుకే ముందు ఒక మాట చెప్తాను. నువ్వు రాసింది రాసినట్టే జరిగి ఉంటే, ఎత్తు మీద బండి ఆగడం, తెల్లారేసరికి ముల్లు దిగడం, ఈ రెండూ ఒకే జబ్బు. డీజిల్ బండి దాటి ఎక్కడికీ పోలేదనే అనుకుంటున్నాను. ఫుల్ కొట్టినా ముప్పావే చూపించడం వేరే జబ్బు, దాని సంగతి తర్వాత చెప్తాను.

రెండు ట్యాంకుల బండిలో చాలాసార్లు ఫ్లోట్ ఒక్క ట్యాంకులోనే ఉంటుంది. ముల్లు ఆ ట్యాంకు సంగతే చెప్తుంది. రెండో దాంట్లో కూడా మట్టం అంతే ఉంటుందన్న నమ్మకంతోనే బండి తయారు చేసినవాళ్లు అలా పెడతారు. ఆ నమ్మకానికి ఆధారం రెండు ట్యాంకులనూ అడుగున కలిపే పైపు. అది బాగుంటే రెండు వైపులా మట్టం సమంగా దిగుతుంది. అది సగం మూసుకుపోతే మాత్రం ఒక్కో ట్యాంకు ఒక్కో దారి పడుతుంది.

నీ బండిలో ఇంజిన్ ఎడమ ట్యాంకు నుంచి తాగుతోంది. ఆగినప్పుడు ఎండిపోయింది అదే కదా. ఫ్లోట్ కుడి ట్యాంకులో ఉండి ఉండాలి, లేకపోతే ముల్లు పావు చూపించేది కాదు. ఇంకో సంగతి కూడా ఉంది. డీజిల్ ఇంజిన్ ట్యాంకు నుంచి తీసుకున్నదంతా కాల్చదు. కొంత కాల్చి, మిగతాది వేడెక్కిన డీజిల్‌గా రిటర్న్ పైపులో వెనక్కి పంపుతుంది. ఆ రిటర్న్ పైపు కుడి ట్యాంకులోకి వెళ్తోందేమో కింద దూరి చూడు. అలాగే ఉంటే, ఇంజిన్ ఎడమ నుంచి తోడుతూ కుడిలో పోస్తోందన్నమాట. కలిపే పైపు సరిగ్గా పారినన్నాళ్లూ దీనివల్ల నష్టం లేదు. అది సన్నబడితే ఎడమ ట్యాంకు ఖాళీ అవుతూ ఉంటుంది, కుడిదాంట్లో ఇంకా మిగిలే ఉంటుంది, నువ్వు డ్యాష్‌బోర్డులో కుడిదాన్నే చూసుకుంటూ ధైర్యంగా వెళ్తుంటావు. ఎత్తు ఎక్కేటప్పుడు ట్యాంకులో ఉన్న కాస్తా వెనక్కి జరుగుతుంది. పీల్చే పైపు నోరు ముందు వైపు ఉందంటే గాలి లాగేస్తుంది. బండి సరిగ్గా ఎత్తు మీదే ఆగడానికి కారణం అదే అయ్యుండొచ్చు.

ఇప్పుడు రాత్రి సంగతి చూడు. బండి ఆపేటప్పటికి కుడి ట్యాంకులో మట్టం ఎక్కువ, ఎడమలో తక్కువ. ఇంజిన్ ఆగింది కాబట్టి ఇక తోడేది లేదు. సన్నబడిన ఆ పైపులోంచే రాత్రంతా కుడి నుంచి ఎడమకు డీజిల్ మెల్లగా జారుతుంది. తెల్లారేసరికి రెండూ సమం అవుతాయి. ముల్లు చూసేది కుడిదాన్నే కాబట్టి అది కిందికి దిగి కనిపిస్తుంది. ఎడమ ట్యాంకులో పెరిగిన దాన్ని చూపించే ముల్లు బండిలో లేదు. బండి ఎడమకు వాలి ఉండే చోట ఆపితే ఈ తేడా ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది.

ఇది ఊహగా ఉండిపోకూడదు, కొలిచి తేల్చుకో. నూట యాభై కిలోమీటర్లు నడిపాక సమతలంగా ఉన్న చోట బండి ఆపి, ఆపిన వెంటనే రెండు ట్యాంకుల్లోనూ కొలకర్ర పెట్టి సెంటీమీటర్లలో రాసుకో. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా రెండు గంటలాగి మళ్లీ కొలువు. కుడి దిగి, ఎడమ పెరిగితే దొంగ దొరికినట్టే, అది ఆ పైపు. ఓనర్ గారు పక్కన ఉండగా ఇది చేయగలిగితే మరీ మంచిది.

పైపు ఎందుకు సన్నబడుతుందంటే కారణాలు చాలానే ఉంటాయి. రెండు చివరలా వాల్వులు ఉంటాయి, ఎవరో పని చేసి ఒకటి సగమే తిప్పి వదిలేసి ఉండొచ్చు. రాయి తగిలి పైపు నొక్కుకుపోవచ్చు. అడుగున చేరిన నీళ్లకూ డీజిల్‌కూ మధ్య సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు తయారవుతుంది, అది పైపు నోట్లో పేరుకుంటుంది. నేను చూసిన బండ్లలో ఎక్కువగా మోసం చేసింది మాత్రం రబ్బరు గొట్టమే. పైకి చూస్తే కొత్తదానిలా ఉంటుంది. కోసి చూస్తే లోపలి పొర ఊడి నాలుకలా వేలాడుతూ ఉంటుంది. ఒకసారి అలాంటి గొట్టాన్ని నోటితో ఊది చూశాను. ఒక చివర నుంచి ఊదితే గాలి సుళువుగా వెళ్లింది, తిప్పి ఊదితే బుగ్గలు నొప్పి పుట్టాయి తప్ప వెళ్లలేదు. ఆ బండిని అంతకుముందు ఇద్దరు మెకానిక్‌లు చూశారు. ఇద్దరూ గొట్టాన్ని బయటి నుంచి తడిమి బాగుందన్నారు. నీ బండికి గొట్టం విప్పించినప్పుడు రెండు వైపుల నుంచీ పరీక్ష చేయించు. ట్యాంకు మూతల్లో గాలి ఆడే రంధ్రాలుంటాయి, దుమ్ము పట్టి అవి మూసుకుపోయినా మట్టాలు సమం కావు. మూత తిప్పగానే సుయ్‌మని గాలి చప్పుడు వినిపిస్తే ఆ రంధ్రం శుభ్రం చేయాలని గుర్తు.

వేడికి డీజిల్ పొంగుతుంది, రాత్రి చల్లబడి కుదించుకుపోతుంది, అందుకే ముల్లు దిగిందని ఎవరైనా నీకు చెప్పి ఉండొచ్చు. అది అబద్ధం కాదు కానీ లెక్క వేసి చూడాలి. 300 లీటర్ల డీజిల్ 20 డిగ్రీలు చల్లబడితే తగ్గేది సుమారు 5 లీటర్లు. ముల్లు మీద అది గీత మందం కూడా ఉండదు. ఓనర్ గారి దగ్గర ఈ వాదన పెట్టకు, ఆయన లెక్క తెలిసినవాడైతే నీ మిగతా మాట కూడా నమ్మడు.

ఇక రెండో జబ్బు. ఫ్లోట్ మార్చాక ఫుల్ కొట్టినా ముప్పావు దాటకపోవడం. ఇది తెలియాలంటే ముల్లు ఎలా కదులుతుందో కాస్త తెలియాలి. ట్యాంకులో ఫ్లోట్ పైకీ కిందికీ ఆడుతుంటే దానికి కట్టిన యూనిట్‌లో రెసిస్టెన్స్, అంటే కరెంటుకి అడ్డు, మారుతుంది. డ్యాష్‌బోర్డు మీటరు ఆ రెసిస్టెన్స్‌నే చదువుతుంది, డీజిల్‌ను కాదు. బాగా వాడుకలో ఉన్న కొలతల్లో ఒక రకం ఖాళీకి 240 ఓమ్స్ (ఆ అడ్డును కొలిచే లెక్క), సగానికి సుమారు 103, ఫుల్‌కి 33. ఇంకో రకం దీనికి తలకిందులు, ఖాళీకి 10, ఫుల్‌కి 180. ఒక రకం మీటరుకి ఇంకో రకం యూనిట్ బిగిస్తే డీజిల్ పోస్తుంటే ముల్లు కిందికి దిగుతుంది. నీకు అలా కావడం లేదు కాబట్టి రకం సరైనదే. మరి తేడా ఎక్కడ?

నా అనుమానం ఎర్త్ మీద. ఫ్లోట్ యూనిట్‌కి ఒక వైరు మీటరుకి వెళ్తుంది, ఇంకోటి కరెంటు తిరిగి వెళ్లే దారిగా బండి ఇనుప చట్రం చాసిస్‌కి ఎర్త్ అవుతుంది. ఆ ఎర్త్ బోల్టు కింద తుప్పో రంగో ఉంటే అది అదనపు రెసిస్టెన్స్. ఉదాహరణకి 30 ఓమ్స్ అదనంగా చేరిందనుకో. మొదటి రకం బండిలో ఫుల్ ట్యాంకు 33 కి బదులు 63 గా కనిపిస్తుంది, ముల్లు ముప్పావు దగ్గరే ఆగిపోతుంది. అదే బండి ఖాళీగా ఉన్నప్పుడు 240 కి బదులు 270 అయినా పెద్ద తేడా తెలియదు. నువ్వు చెప్పిన లక్షణానికి ఇది సరిగ్గా సరిపోతోంది. రెండో రకం బండిలో ఇదే తుప్పు చాలా ప్రమాదం. ఖాళీ ట్యాంకు 10 కి బదులు 40 గా కనిపించి, ఆరో వంతు డీజిల్ ఇంకా ఉన్నట్టు చూపిస్తుంది. ఒకే తుప్పు ఒక బండిలో తక్కువ చూపిస్తుంది, ఇంకో బండిలో ఎక్కువ చూపిస్తుంది. పక్క బండి డ్రైవర్ చెప్పిన అనుభవం నీ బండికి సరిపోకపోవడానికి ఇదొక కారణం.

చాసిస్‌కి కొత్తగా రంగు వేయించిన ఒక బండి మా షెడ్డుకు వచ్చింది. అంతకుముందు రెండు ఫ్లోట్‌లు మార్చేశారు, డ్యాష్‌బోర్డు మీటరు కూడా మార్చారు. ఎర్త్ బోల్టు విప్పితే వాషర్ కింద నల్లటి రంగు అద్దంలా నున్నగా ఉంది, ఇనుము ఎక్కడా కనిపించలేదు. పాత చాకుతో రూపాయి బిళ్లంత మేర గీకి, మెరుపు కనిపించాక బోల్టు బిగించి, పైన కాస్త గ్రీజు రాశాం. కీ ఆన్ చేస్తే ముల్లు మెల్లగా లేచి ఫుల్ గీత మీదికి వచ్చి ఆగింది. ఆ బండి ఓనరు ఏమీ మాట్లాడకుండా చాలాసేపు ముల్లువైపే చూస్తూ నిలబడ్డాడు.

నువ్వు చేయాల్సింది కూడా అంతే సులువు. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఒక వైరు తీసుకుని ఒక చివర ఫ్లోట్ యూనిట్ ఎర్త్ టెర్మినల్‌కి, రెండో చివర నేరుగా బ్యాటరీ నెగెటివ్‌కి కలుపు. ముల్లు కదిలి ఫుల్‌కి వస్తే యూనిట్ మంచిదే, ఎర్త్ చెడ్డది. కదలకపోతే కీ ఆఫ్ చేసి, యూనిట్ వైర్లు విప్పి, మల్టీమీటరుతో యూనిట్ రెసిస్టెన్స్ కొలువు. నిండు ట్యాంకుకి ఉండాల్సిన అంకె దగ్గరలో లేకపోతే యూనిట్‌దే తప్పు. పొడవు వేరేది పెట్టి ఉండొచ్చు, చేతికర్ర వంగి ఉండొచ్చు, లేదా ట్యాంకు లోపలి అడ్డుపలకకి తగులుకుని ఫ్లోట్ పైదాకా లేవలేకపోతూ ఉండొచ్చు. పాత ఫ్లోట్ నీ దగ్గరే ఉంటే చెవి దగ్గర పెట్టి ఊపి చూడు. లోపల డీజిల్ కదిలే చప్పుడు వినిపిస్తే అది చిల్లు పడి మునిగే ఫ్లోట్, ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. పాత యూనిట్లలో ఇంకో లక్షణం ఉంటుంది. ఏళ్ల తరబడి ఒకే మేర రాసుకుని ట్రాక్ అరిగిపోతే, ముల్లు అక్కడికి రాగానే ఒక్కసారిగా పడిపోయి మళ్లీ లేస్తుంది.

ఇంజిన్ కంప్యూటర్‌తో నడిచే కొత్త బండి అయితే వైర్లను నేరుగా ఎర్త్‌కి ముట్టించి ముల్లు ఆడించే పాత పద్ధతి వద్దు. ఆ బండి మాన్యువల్ చూసే వాళ్లతోనే చేయించు. కొత్త బండ్లలో ముల్లు పక్కన శాతం అంకె కూడా కనిపిస్తుంది, జనం దాన్ని ఇంకా ఎక్కువ నమ్ముతారు. పెద్ద లారీల్లో కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే జె1939 పద్ధతిలో ట్యాంకు మట్టం 0.4 శాతం మెట్లుగా వైర్లలో వెళ్తుంది. 600 లీటర్లకి అది 2.4 లీటర్లు. అంకె అంత సన్నగా వెళ్తోంది కదా అని కొలత కూడా అంత కచ్చితం అనుకోవద్దు. ఆ అంకెకు మూలం అదే ఫ్లోట్, అదే ఎర్త్. ట్యాంకు మార్చి పెద్దది పెట్టించి, కంప్యూటర్‌లో ఆ సంగతి మార్చకపోతే అంకె ఎప్పటికీ తప్పే. అదే కంప్యూటర్, ఇంజిన్లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల నుంచి ఎంత డీజిల్ వెళ్లిందో కూడా లెక్క కడుతుంది. ఆ లెక్కకి ఫ్లోట్‌తో పని లేదు. నీ బండిలో ఆ అంకె కనిపిస్తే ప్రతి ట్రిప్పుకీ రాసుకో, నీకు అదొక సాక్ష్యం.

ఎర్ర లైటు గురించి అడిగావు. చాలా బండ్లలో ఆ లైటు కూడా అదే ఫ్లోట్ యూనిట్ మీద ఆధారపడి వెలుగుతుంది. ముల్లు అబద్ధం చెప్తుంటే లైటు నిజం చెప్తుందని అనుకోవడానికి లేదు. నీ బండిలో ఫ్లోట్ కుడి ట్యాంకులో ఉన్నంతకాలం, ఎడమది ఎండిపోయినా లైటు వెలగదు. పోయిన నెల జరిగింది అదే.

కొలకర్ర అన్నాను కదా, దాని గురించి వివరంగా చెప్పాలి. నా మట్టుకు నాకు ఈ మొత్తం జవాబులో అన్నింటికంటే ముఖ్యమైనది అదే. గట్టి, నిటారు చెక్క కర్ర గానీ ఇత్తడి కడ్డీ గానీ తీసుకో. ట్యాంకు దాదాపు ఖాళీ అయినప్పుడు బండిని సమతలం మీద నిలిపి, కలిపే పైపు వాల్వులు మూసి, మిగిలింది కూడా తీసేసి, బంకు మీటరు చూసుకుంటూ 25 లీటర్లు పోయించు. నురగ తగ్గేదాకా ఆగి, కర్ర నిటారుగా అడుగు తగిలేదాకా దించి తీసి, తడి ఆగిన చోట చాకుతో గాటు పెట్టు. మళ్లీ 25 పోయించి ఇంకో గాటు. ఇలా ఫుల్ దాకా. రెండో ట్యాంకుకి కర్ర రెండో వైపు ఇదే పని చెయ్యి, ఎందుకంటే ఒక ట్యాంకుకి సొట్ట పడి ఉంటే దాని లెక్క వేరు. పని అయ్యాక వాల్వులు తెరవడం మాత్రం మర్చిపోకు.

గాట్లు పెట్టాక కర్రను వెలుతురులో పట్టుకుని చూడు. నీ ట్యాంకు గుండ్రటిదైతే గాట్లు సమ దూరంలో ఉండవు. 60 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న ట్యాంకులో అడుగున మొదటి 25 లీటర్లకి గాటు 8 సెంటీమీటర్ల పైన పడుతుంది. నడుము దగ్గరికొచ్చేసరికి గాటుకీ గాటుకీ మధ్య 4 సెంటీమీటర్లు కూడా ఉండదు. పైకి వెళ్తే మళ్లీ ఎడం పెరుగుతుంది. పడుకోబెట్టిన డ్రమ్ము నడుము వెడల్పు, అడుగు సన్నం, అందువల్ల అలా. మట్టం పావు ఎత్తులో ఉన్నప్పుడు 300 లీటర్ల గుండ్రటి ట్యాంకులో ఉండేది 75 లీటర్లు కాదు, 59 లీటర్లే. పదో వంతు ఎత్తులో ఉంటే 30 కాదు, 16 కంటే తక్కువే. మీటరు ఈ ఆకారాన్ని లెక్కలోకి తీసుకోనిదైతే, ఏ లోపం లేకపోయినా ముల్లు కింది భాగంలో ఉన్నదానికంటే ఎక్కువే చూపిస్తుంది. పావు దాకా నెమ్మదిగా దిగిన బండి ఆ తర్వాత ఎందుకు అంత తొందరగా ఖాళీ అవుతుందని డ్రైవర్లు నన్ను అడుగుతుంటారు. ఆ కర్ర మీది గాట్లు చూపిస్తాను, ఇంకేమీ చెప్పక్కర్లేదు.

కర్రని ప్రతిసారీ పోగులు ఊడని గుడ్డతో తుడిచి ప్లాస్టిక్ గొట్టంలో దాచుకో. దానికి అంటిన దుమ్ము ట్యాంకులోకి పోతే ఇంజెక్టర్లకి చేటు. చీకట్లో అగ్గిపుల్ల వెలిగించి ట్యాంకులోకి చూడొద్దు. రిటర్న్ డీజిల్ వేడిగా ఉంటుంది, ఆవిరి ఎంత ఉందో చెప్పలేం. కొన్ని ట్యాంకుల మెడలో దొంగలు గొట్టం పెట్టకుండా జాలీ బిగిస్తారు, వాటిలోకి కర్ర దిగదు. అప్పుడు ఫుల్ టు ఫుల్ లెక్కే గతి.

ఆ లెక్క ఎలాగూ రాసుకోవాలి. ప్రతిసారీ రెండు ట్యాంకులూ ఒకే గీత దాకా నింపించు. నురగ చూసి గన్ ఆగిపోతుంది, పది నిమిషాలు ఆగి మట్టాలు సమం అయ్యాక మిగతాది పోయించు. కిలోమీటర్లు, లీటర్లు, ఎన్ని గంటలు బండి నిలబెట్టి ఇంజిన్ ఆన్‌లో ఉంచావో కూడా రాయి. పెద్ద ఇంజిన్ ఊరికే తిరుగుతున్నా గంటకి సుమారు 3 లీటర్లు తాగుతుంది. రాత్రి ఎనిమిది గంటలు ఏసీ కోసం ఆన్‌లో ఉంటే 24 లీటర్లు పోయినట్టే. ఈ గంటలు రాసి పెట్టని డ్రైవర్ మీద ఆ 24 లీటర్లు నింద అయి కూర్చుంటాయి. నాలుగైదు ట్రిప్పుల లెక్క వచ్చాక నీ బండి లీటరుకి ఎంత ఇస్తుందో నీకు తెలుస్తుంది. 3 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే, 600 లో 150 లీటర్లు ముట్టుకోకుండా వదిలేసినా 1,350 కిలోమీటర్లు వెళ్లొచ్చు. పైపు బాగయ్యేదాకా మాత్రం ఈ లెక్క నీకు వర్తించదు. అప్పటిదాకా ఎడమ ట్యాంకు ఒక్కటే నీ ట్యాంకు అనుకో. రెండు వందల కిలోమీటర్లకోసారి దిగి దాన్ని కొలువు, సగానికి దిగిందంటే నింపించు.

ఇక ఓనర్ గారి సంగతి. కోపంగానో ఏడుపు మొహంతోనో మాట్లాడొద్దు. "రెండు రాత్రులు నాతో కలిసి కొలవండి సార్" అని అడుగు. బండి ఆపగానే రెండు ట్యాంకులూ ఆయన ముందు కొలిచి, కర్ర గాట్లను బట్టి ఒకే కాగితం మీద రెండు అంకెలూ లీటర్లలో, వాటి మొత్తం రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. పొద్దున్నే బండి కదపకముందు మళ్లీ అంతే. ఆయన చూడాల్సింది మొత్తం. కుడి తగ్గి ఎడమ పెరిగి, మొత్తంలో 5 లీటర్లకు మించి తేడా లేకపోతే ఆయన అనుమానానికి ఇక చోటు లేదు. మొత్తం నిజంగానే తగ్గితే, అప్పుడు బండి కింద తడి మరకలు, పైపు జాయింట్లు చూడాలి. బయటివాళ్లు ఎవరైనా తీస్తున్నారేమో కూడా చూడాలి, మూతలకి తాళం వేయాలి. ఏది తేలినా నీకే మేలు.

ఓనర్ గారు, ఈ జవాబు మీ చేతికి వస్తే ఒక్క మాట వినండి. డీజిల్ దొంగతనం లోకంలో లేదని నేను అనను, మీ భయం అర్థం చేసుకోగలను. కానీ ముల్లు చూసి మనిషిని అనుమానించకండి. ఆరేళ్లుగా లారీ నడుపుతున్న మనిషి మీ డ్రైవర్. రాత్రిళ్లు మీ సరుకు పక్కన పడుకునేది ఆయనే. కర్ర పెట్టి కొలవడానికి మీకు పట్టేది పది నిమిషాలు.

ఇంకో మాట, తమ్ముడూ. మళ్లీ ఎప్పుడైనా డీజిల్ అయిపోయి బండి ఆగితే, సెల్ఫ్ (స్టార్టర్) అదేపనిగా కొట్టొద్దు. చాలా కొత్త బండ్లలో హై ప్రెషర్ పంపుకి డీజిలే నూనె. గాలి తిని తిరిగితే అది అరిగి ఇనుప పొడి ఇంజెక్టర్ల దాకా పోతుంది. ఫిల్టర్ దగ్గరి హ్యాండ్ పంపుతో గట్టిపడేదాకా కొట్టి, ఫిల్టర్ మీది ఎయిర్ స్క్రూ వదులు చేసి గాలి తీయి. పాత బండ్లలో చేసినట్టు ఇంజెక్టర్ల పైపు నట్లు వదులు చేయడం కామన్ రైల్ బండిలో (అన్ని ఇంజెక్టర్లకీ ఒకే హై ప్రెషర్ పైపు నుంచి డీజిల్ అందే కొత్త రకం) ఎప్పుడూ చేయకు. అక్కడ ప్రెషర్ వెయ్యి బార్ దాటి ఉంటుంది, సన్నటి ధార చర్మం చీల్చుకుని ఒంట్లోకి పోతుంది, చెయ్యి తీసేయాల్సిన పరిస్థితి వస్తుంది. అడుగున ఉన్న మడ్డి అంతా ఫిల్టర్‌కి ఎక్కి ఉంటుంది కాబట్టి ఫిల్టర్ కూడా మార్పించు. పోయిన నెల మార్పించావో లేదో నువ్వు రాయలేదు. మార్పించకపోతే ఈ ట్రిప్పులోనే చేయించు. ఎత్తు మీద ఇంజిన్ ఆగితే స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకులకి గాలి నింపే కంప్రెసర్ ఆగిపోతుంది. ముందు పార్కింగ్ బ్రేకు వేసి, టైర్ల కింద చెక్కలు పెట్టాకే బానెట్ సంగతి చూడు.

ముందు కలిపే పైపు, తర్వాత ఎర్త్ బోల్టు, ఈ వరుసలోనే వెళ్లు. కొలిచాక రెండు ట్యాంకుల అంకెలు, బండి ఆపిన వెంటనేవి, రెండు గంటల తర్వాతవి, రాసి పంపు. కొత్త ఫ్లోట్ యూనిట్ మీద అచ్చు వేసిన ఓమ్స్ అంకెలు, రిటర్న్ పైపు ఏ ట్యాంకులోకి వెళ్తోందో కూడా రాయి. వాటిని చూసి మిగతాది చెప్తాను.